మూత్రం సాఫీగా వస్తే ప్రొస్టేట్ బాగున్నట్టేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. గుంటూరు కొత్తపేటలో ముప్పై ఏళ్లకు పైగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మా వీధిలో ఆసుపత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు పక్కపక్కనే ఉంటాయి. పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి వైద్యానికి వచ్చే జనంలో చాలామంది మా కౌంటర్ ముందు ఆగుతారు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు అందరి ముందూ గట్టిగానే అడుగుతారు. మగవాళ్లకు మాత్రమే ఉండే ప్రొస్టేట్ గ్రంథికి వాడే మాత్ర దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ల గొంతు తగ్గిపోతుంది. పక్కన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు వెళ్లేదాకా ఆగుతారు. కొందరు పాత స్ట్రిప్పు ఖాళీ రేకు జేబులోంచి తీసి చూపిస్తారు తప్ప పేరు కూడా పలకరు.

అలా గుసగుసగా నాతో అన్న మాటల గురించే ఈ ఉత్తరం. వాటిలో చాలావరకు తప్పులు. ఆ తప్పు నమ్మకాల వల్ల కొందరు చికిత్సకు ఆలస్యంగా వెళ్తున్నారు. కొందరు లేని జబ్బుకు భయపడి నిద్ర పోవడం లేదు. రొమ్ము క్యాన్సర్ గురించి ఏటా అక్టోబరులో పత్రికలన్నీ రాస్తున్నాయి. దాని ఫలితం నా కళ్లతో చూస్తున్నాను. మా షాపుకు వచ్చే ఆడపిల్లలు ఇప్పుడు మామోగ్రామ్ గురించి ధైర్యంగా మాట్లాడుతున్నారు. ప్రపంచంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం ప్రొస్టేట్‌దే. 2020లో సుమారు 14 లక్షల కొత్త కేసులు నమోదైతే, 2040 నాటికి అవి ఏడాదికి 29 లక్షలకు చేరవచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కగట్టింది. అయినా మన జిల్లాల్లో దీని గురించి నోరు విప్పి మాట్లాడేవాళ్లు కనబడరు.

నేను ఎక్కువగా వినే మాట ఇది: "నాకు పాసుకి సాఫీగానే వస్తోందండీ. నాకెందుకు ఆ పరీక్షలు?"

దీనికి నేను బత్తాయి పండుతో పోల్చి చెబుతుంటాను. ప్రొస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచి పోతుంది. వయసుతో వచ్చే వాపు లోపలి తొనల భాగంలో, నాళం చుట్టూ మొదలవుతుంది. అందుకే నాళం నొక్కుకుపోయి ధార సన్నబడుతుంది. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంది, పోసినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. క్యాన్సర్ అలా కాదు. పదింటిలో ఏడు వరకు తొక్క వైపు, నాళానికి దూరంగా ఉండే అంచు భాగంలో పుడతాయి. అది పెరిగి నాళాన్ని నొక్కేలోపు ఏళ్లు గడవొచ్చు. అన్నాళ్లూ మూత్రం సాఫీగానే వస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాపు ముదిరి క్యాన్సర్ అవదు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, కానీ రెండూ వేరు వేరు జబ్బులు. మన జనం "ప్రొస్టేట్ వచ్చింది" అని ఒకే మాటతో రెండిటినీ కలిపేస్తారు. వాపు ఉన్నవాడు క్యాన్సర్ అని హడలిపోతాడు, క్యాన్సర్ ఉన్నవాడు మూత్రం బాగానే వస్తోందని ధీమాగా తిరుగుతాడు.

మా బావగారి సంగతి చెబుతాను. మా పెద్దక్క భర్త. నరసరావుపేట వైపు ఒక ఊళ్లో మిర్చి రైతు. ఒక ఏడాది పంట యార్డుకు తోలే రోజుల్లో నడుం నొప్పి మొదలైంది. నలభై కిలోల పైన తూగే మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తి దించిన మనిషికి నడుం నొప్పి వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేశాడు, తగ్గింది. మళ్లీ వచ్చింది. బెల్టు వేసుకున్నారు. పుత్తూరు కట్టు కట్టించుకున్నారు. ఎవరో డిస్క్ జారిందన్నారు. పగలు పనిలో పడితే మర్చిపోయే నొప్పి రాత్రి పక్క మీద వాలితే ఎక్కువయ్యేదని మా అక్క చెప్పేది. పని చేయడం వల్ల పట్టేసిన నడుం విశ్రాంతి తీసుకుంటే తగ్గాలి. పడుకుంటే పెరిగే నొప్పి, నెలల తరబడి వదలని నొప్పి, దానికి తోడు బరువు తగ్గడం ఉంటే అది వేరే లెక్క. చివరికి గుంటూరులో ఒక ఎముకల డాక్టరు ఎక్స్‌రేలో వెన్నుపూసల మీద తెల్లటి మచ్చలు చూసి, ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్ఏ అనే రక్తపరీక్ష రాశారు. "నడుం నొప్పికి ప్రొస్టేట్ పరీక్ష ఏంటి మావయ్యా, డబ్బులు గుంజడానికి కాకపోతే?" అని మా మేనల్లుడు ఫోన్‌లో నా మీద గొంతు పెంచాడు. నేను చేయించమనే చెప్పాను. మామూలుగా నాలుగు లోపు ఉండే అంకె ఆరువందలు దాటింది. అప్పటికే ఎముకలకు పాకింది. ఆ మనిషికి ఏనాడూ మూత్రం ఇబ్బంది లేదు.

రైతులకూ, యార్డులో హమాలీలకూ, లారీ డ్రైవర్లకూ నడుం నొప్పి రోజువారీ విషయం. నడుం నొప్పి ప్రతిదీ క్యాన్సర్ కాదు. నూటికి తొంభై పైన కానే కాదు. కానీ యాభై అయిదు, అరవై దాటిన మగమనిషికి నడుములో, తుంటిలో కొత్తగా మొదలైన నొప్పి వారాల తరబడి తగ్గకపోతే, నొప్పి ఇంజెక్షన్లతో నెట్టుకురావడం మాని ప్రొస్టేట్ సంగతి కూడా చూడమని డాక్టరును అడగాలి. క్యాన్సర్ ఉందని తెలిసినవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కినా, నడిచేటప్పుడు తూలుతున్నా, మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా తెల్లారేదాకా ఆగకూడదు. వెన్నుపాము నొక్కుకుపోతోందన్నమాట. ఆ రోజే ఆసుపత్రికి చేరితే కాళ్లు దక్కుతాయి, ఆలస్యమైతే మంచాన పడతారు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటి చలికాలంలో ఎక్కువగా చూస్తుంటాను. ఒక పెద్దాయన జలుబుకు ఏదో మాత్ర వేసుకున్నారు. జలుబు మాత్రల్లో ఉండే కొన్ని మందులు ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్లకు మూత్రాన్ని బిగబట్టేస్తాయి. రాత్రికి చుక్క రాలేదు, పొట్ట ఉబ్బిపోయింది. ఆసుపత్రిలో పైపు వేసి తీశారు. మర్నాడు ఎవరో పీఎస్ఏ కూడా చేయించేశారు. పద్దెనిమిది వచ్చింది. కొడుకు ఆ కాగితం పట్టుకుని మా షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. మూత్రం ఆగిపోయినప్పుడు, పైపు వేసినప్పుడు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ అంకె దానంతటదే పైకి పోతుంది. ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆరు వారాలు ఆగి మళ్లీ చేయిస్తేనే దాన్ని నమ్మొచ్చు. ఆయనకు తర్వాత చేయిస్తే మూడున్నర వచ్చింది. క్యాన్సర్ లేదు. పీఎస్ఏ అనేది ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్, అంతే. గ్రంథికి ఏ ఇబ్బంది వచ్చినా అది రక్తంలో పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు భార్యాభర్తల కలయిక, చాలాసేపు సైకిల్ తొక్కడం కూడా వద్దంటారు. ఈ మాట ల్యాబుల్లో చెప్పేవాళ్లు తక్కువ.

అంకె తక్కువగా ఉంటే గ్యారంటీ అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో పీఎస్ఏ నాలుగు లోపు ఉన్నవాళ్లకు కూడా ముక్క పరీక్ష (సూదితో గ్రంథిలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ) చేసి చూశారు. 2004లో ఆ వివరాలు బయటికొచ్చాయి. సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. అటువైపు, నాలుగుకూ పదికీ మధ్య వచ్చినవాళ్లలో నలుగురిలో ముగ్గురికి ముక్క తీస్తే క్యాన్సర్ ఉండదు. అంటే ఇది తలుపు దగ్గర కాపలా లాంటిది కూడా కాదు, ఒక కబురు మాత్రమే. దాన్ని చదవాల్సింది డాక్టరు.

ఇప్పుడు మందుల షాపువాడిగా నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ప్రొస్టేట్ వాపుకు మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు రకాల మందులు. ఒకటి టామ్సులోసిన్. అది నాళం దగ్గర కండరాన్ని వదులు చేస్తుంది, అంతకుమించి గ్రంథిని ఏమీ చేయదు. రెండోది డ్యూటాస్టెరైడ్ లేదా ఫినాస్టెరైడ్. ఇది గ్రంథిని నెమ్మదిగా కుదిస్తుంది. ఈ రెండూ కలిపిన మాత్ర కూడా బాగా వాడకంలో ఉంది. ఈ రెండో రకం మందు ఆరు నెలలు, ఏడాది వాడితే రక్తంలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. క్యాన్సర్ ఉన్నా లేకున్నా పడిపోతుంది. కాబట్టి ఆ మాత్ర మీద ఉన్న మనిషికి రిపోర్టులో మూడు వచ్చిందంటే దాన్ని రెట్టింపు చేసి ఆరు అని చదవాలి. ల్యాబు కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. మూడు పక్కన "నార్మల్" అని వేసేస్తుంది. కాగితం చూసుకుని ఆయన హాయిగా ఇంటికి పోతాడు. ఇంకో ప్రమాదం: ఈ మాత్ర మీద ఉండగా బాగా తగ్గిన అంకె మళ్లీ మెల్లగా పెరగడం మొదలుపెడితే, అది ఇంకా నాలుగు లోపే ఉన్నా సరే, డాక్టరు చూడాల్సిందే. జుట్టు రాలకుండా చిన్న మోతాదులో ఫినాస్టెరైడ్ వాడే నలభై ఏళ్లవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లయితే దాన్ని మందు కిందే లెక్కవేయరు, అడిగినా చెప్పరు.

నా దగ్గరికి పదేళ్ల కిందటి చీటీతో ఇవే మాత్రలు తీసుకెళ్లేవాళ్లు వస్తారు. చీటీ మడతల దగ్గర చిరిగి, ప్లాస్టర్ అంటించి ఉంటుంది. రాసిన డాక్టరు రిటైరై ఉంటాడు. "ఈ మందు వాడుతున్నాగా, ఇంక క్యాన్సర్ ఎలా వస్తుంది?" అంటారు. ఇది వాపు మందు, క్యాన్సర్‌కు కాపలా కాదు. ఇప్పుడు నేను ఆ కవర్ల మీద పెన్నుతో రాసి ఇస్తున్నాను: "పీఎస్ఏ చేయిస్తే ఈ మాత్ర వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి." గుంటూరు, విజయవాడల్లో ఉన్న తోటి మెడికల్ షాపుల వాళ్లందరూ ఆ ఒక్క ముక్క రాసి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అరనిమిషం పని.

"నాకు ప్రొస్టేట్ లేజర్ ఆపరేషన్ అయిపోయింది, ఇంక ఆ గొడవే లేదు" అనే మాట కూడా అలాంటిదే. వాపుకు చేసే ఆపరేషన్‌లో లోపల పెరిగిన భాగాన్నే తీస్తారు. అంచు భాగం అలాగే ఉంటుంది. క్యాన్సర్ రావడానికి అది చాలు. ఆ ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని ల్యాబుకు పంపుతారు, వారం పది రోజుల తర్వాత రిపోర్టు వస్తుంది. ఈలోగా మనిషి డిశ్చార్జి అయి ఊరెళ్లిపోతాడు. ఆ రిపోర్టు కోసం మళ్లీ రానివాళ్లు ఎంతమందో. దయచేసి ఇళ్లలో పిల్లలు ఆ కాగితం తెచ్చుకుని డాక్టరుకు చూపించాలి. అనుకోకుండా క్యాన్సర్ బయటపడేది కొన్నిసార్లు అక్కడే.

మరి మగవాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలా? హెల్త్ ప్యాకేజీలు అమ్మే ల్యాబులు ఎవరికి పడితే వాళ్లకు పీఎస్ఏ కలిపేస్తున్నాయి. ఎనభై అయిదేళ్ల తాతకు కూడా. ముందు ఒక్క మాట వివరించరు. నాకది నచ్చదు. యూరప్‌లో ఎనిమిది దేశాల్లో సుమారు 1,62,000 మంది మగవాళ్లను 23 ఏళ్లపాటు గమనించి 2025లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షలకు పిలిచిన గుంపులో ప్రొస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. లాభం ఉంది. కానీ ఎప్పటికీ హాని చేయని చిన్న క్యాన్సర్లు కూడా ఆ పరీక్షల్లో దొరికిపోతాయి, దాంతో మనిషి భయపడి అక్కర్లేని ఆపరేషన్‌కు పరుగెత్తుతాడు. వేరే కారణాలతో చనిపోయిన డెబ్బై దాటిన మగవాళ్ల శరీరాలను పరీక్షించిన చోట్ల సుమారు మూడోవంతు మందిలో ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు కనిపించాయి. బతికున్నన్నాళ్లూ వాళ్లకు ఆ సంగతే తెలియదు. అందుకే యాభై, యాభై అయిదు దాటినవాళ్లు డాక్టరుతో కూర్చుని లాభనష్టాలు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే నలభై అయిదు నుంచే ఆ మాట ఎత్తాలి. డెబ్బై దాటి ఏ ఇబ్బందీ లేనివాళ్లకు మామూలుగా ఈ పరీక్ష అక్కర్లేదని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

2025 మే నెలలో అమెరికా మాజీ అధ్యక్షుడు బైడెన్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని ప్రకటించినప్పుడు, "అంతటి మనిషికే ముందు తెలియకపోతే మనబోటివాళ్ల సంగతేంటి?" అని షాపులో చాలామంది అడిగారు. ఆయనకు చివరిసారి పీఎస్ఏ చేసింది 2014లో అని ఆయన తరఫువాళ్లు చెప్పారు. అప్పటికే ఆయన వయసు డెబ్బై దాటింది. నిర్లక్ష్యం అని తేల్చేయడానికి లేదు. అదే వాళ్లకు నేను నెల్సన్ మండేలా పేరు చెప్పాను. ఆయనకు 2001లో, ఎనభై మూడేళ్ల వయసులో ఈ క్యాన్సర్ తేలింది. రేడియేషన్ ఇచ్చారు. ఆ తర్వాత పన్నెండేళ్లు బతికి తొంభై అయిదేళ్లకు వేరే జబ్బుతో వెళ్లిపోయారు.

"క్యాన్సర్ అన్నాక వెంటనే కోసి తీసేయాలి" అన్నది కూడా ప్రతి ఒక్కరికీ నిజం కాదు. ముక్క పరీక్ష రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని ఒకటి ఉంటుంది. ఆరు అంటే నెమ్మదిగా పెరిగే రకం. తొమ్మిది, పది అంటే దూకుడు రకం. చాలామంది ఆరు చూసి పదికి ఆరు అంటే సగం పైన ముదిరిందని బెంబేలెత్తుతారు. ఆ లెక్కలో ఆరే మొదటి మెట్టు. ఆరు వచ్చిన చాలామందిని ఆపరేషన్ లేకుండా, క్రమంగా పీఎస్ఏ, ఎంఆర్ఐ, మళ్లీ ముక్క పరీక్షలతో కనిపెట్టుకుని ఉంటారు. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరికి కనిపెట్టుకుని ఉండటం అని చూశారు. 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పదిహేనేళ్ల తర్వాత ఏ గుంపులోనైనా సుమారు 97 శాతం మంది ప్రొస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోలేదు. ఇది గ్రంథి లోపలే ఉన్న క్యాన్సర్ సంగతి. మా బావగారిలా ఎముకలకు పాకినవాళ్లకు ఇది వర్తించదు. గ్రంథి దాటకముందు తెలియడం, దాటాక తెలియడం, ఈ రెండిటికీ అంత తేడా.

ముక్క పరీక్ష అంటే జనానికి ఇంకో గుబులు. "కత్తి తగిలితే పాకిపోతుంది, ముట్టుకోకుండా ఉంటే అలాగే పడుంటుంది" అంటారు. ఈ మాట ఎలా పుట్టిందో నాకర్థమైంది. మన దగ్గర చాలామందికి ముక్క తీసేనాటికే జబ్బు బయటికి పాకి ఉంటుంది. నెల తిరక్కుండా మనిషి నీరసిస్తే నింద ముక్క పరీక్ష మీద పడుతుంది. సూదితో ముక్క తీయడం వల్ల ప్రొస్టేట్ క్యాన్సర్ పాకుతుందన్నది నిజం కాదు. ఆ పరీక్షకు ఉండే ఇబ్బందులు వేరు. మూత్రంలో, వీర్యంలో కొన్నాళ్లు రక్తపు చార రావచ్చు. చలిజ్వరం వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ఇప్పుడు చాలాచోట్ల ముందు ఎంఆర్ఐ తీసి, అనుమానం ఉన్నచోటనే ముక్క తీస్తున్నారు. వేలుతో చూసే పరీక్ష గురించి విని క్లినిక్ నుంచి లేచి వచ్చేసినవాళ్లూ ఉన్నారు. అది కొన్ని సెకన్ల పని. సిగ్గుపడి లేచి రావాల్సినంతది కాదు.

మగతనం పోతుందన్న భయం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆపరేషన్ తర్వాత కొంతమందికి అంగస్తంభన తగ్గుతుంది, కొంతకాలం మూత్రం కారుతుంది. రేడియేషన్ వల్ల కూడా ఇబ్బందులు వస్తాయి. డాక్టర్లు దీన్ని ముందే చెప్పాలి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. వాటికీ మందులు, వ్యాయామాలు ఉన్నాయి. కానీ ఆ భయంతో చికిత్సే వద్దనుకున్నవాళ్లను చూశాను, వాళ్ల భార్యల్ని చూశాను. ఎముకలకు పాకినప్పుడు ముందుగా చేసేది మగ హార్మోనును ఆపడం. దాన్ని ఆపితే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లో చూపించారు, 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. అందుకు నెలకో, మూడు నెలలకో ఇంజెక్షన్లు ఉన్నాయి. లేదంటే చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీస్తారు. ఖర్చు ఒక్కసారితో పోతుంది, పనితనంలో తేడా లేదు. మా బావగారు మొదట ససేమిరా అన్నారు. "గొంతు ఆడగొంతు అయిపోతుందంట కదా తమ్ముడూ?" అని అడిగారు. పెద్ద వయసులో గొంతు మారదు. ఒళ్లు ఆవిర్లు వస్తాయి, కోరిక పోతుంది, కండ తగ్గుతుంది, ఎముకలు పలచబడతాయి. అందుకే నడక, కాల్షియం, విటమిన్ డి ముఖ్యం. ఈ మాటలన్నీ దాచకుండా చెప్పాను. మా అక్క "మనిషి ఉంటే చాలు" అంది. చేయించుకున్నారు. తోడుగా, మగ హార్మోనును ఇంకా అణిచే ఎబిరటెరోన్ మాత్రలు వాడుతున్నారు. అవి పరగడుపునే వేసుకోవాలి. అన్నంతో వేసుకుంటే ఒంట్లోకి ఎక్కాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఎక్కుతుంది. నడుం నొప్పి చాలావరకు తగ్గింది. టిక్కీలు ఎత్తడం లేదు గానీ చేను చూసి వస్తున్నారు.

ఎందుకొస్తుందన్న దాని మీద వినే మాటలు మనసుకు కష్టం కలిగిస్తాయి. తిరుగుబోతులకు వస్తుందంటారు. బ్రహ్మచారులకు వస్తుందంటారు. రెండూ నిజం కాదు. భార్యకు అంటుకుంటుందని పక్కలు వేరు చేసుకున్న వృద్ధ దంపతులు నాకు తెలుసు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఎమర్జెన్సీ రోజుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. "అప్పుడు బలవంతంగా చేసినదాని వల్లే ఇది వచ్చింది" అని కుమిలిపోతుంటారు. పెద్ద పెద్ద అధ్యయనాల్లో వేసెక్టమీకీ దీనికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఇప్పటి కుర్రాళ్లు కూడా ఈ భయంతోనే ఆ ఆపరేషన్ భార్యల మీదికి నెట్టేస్తున్నారు.

నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సింది వయసు, వంశం. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఉంటే ముప్పు రెట్టింపు దాకా ఉంటుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అది కూడా మగవాళ్లకు హెచ్చరికే. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఆడవాళ్లకు ఆ క్యాన్సర్లను తెస్తుంది, మగవాళ్లకు దూకుడు రకం ప్రొస్టేట్ క్యాన్సర్‌ను తెస్తుంది. మన ఇళ్లలో ఆడవాళ్ల క్యాన్సర్‌ను పిల్లల సంబంధాలు చెడతాయని దాచిపెడతారు. మేనత్త ఎందుకు పోయిందో మేనల్లుడికి తెలియదు. ఆ దాపరికం వల్ల డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకే తప్పు జవాబు వెళ్తోంది.

లక్ష్మణఫలం గురించి వాట్సాప్‌లో తిరిగే కబుర్లకు నేను ఎక్కువ చోటు ఇవ్వను. అది తిని ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు రుజువు లేదు. గోధుమగడ్డి రసానికీ లేదు. విటమిన్ ఈ గుళికలు మంచిదని సొంతంగా కొనుక్కునేవాళ్లకు మాత్రం ఒకటి చెబుతాను. 35,000 మందికి పైగా మగవాళ్ల మీద చేసిన అమెరికా పరిశోధనలో విటమిన్ ఈ ఒక్కటే వాడినవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. డాక్టరు రాయకుండా అడిగితే నేను ఇవ్వడం లేదు.

డబ్బు లేదని ఆగిపోయేవాళ్లకు: క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఉన్నాయి. మన గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో మందుల కంపెనీ వాళ్లు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. విజయవాడ, గుంటూరు ప్రజలకు రెండూ బస్సు దూరమే. హైదరాబాదు పోవాలని పొలం బేరం పెట్టకముందు అక్కడ ఒకసారి అడగండి.

సంపాదకులు గారికి నా విన్నపం. ప్రొస్టేట్ మీద యూరాలజిస్టులతో రాయించి వేయండి. ఆదివారం ఆరోగ్య పేజీలో వేస్తే మా ఆడవాళ్లు చదువుతారు, అది మంచిదే, మొగుడు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో వాళ్లకే తెలుసు. కానీ మగవాళ్ల కంట కూడా పడాలంటే మిర్చి యార్డు ధరలు వేసే పేజీలో వేయండి. సీజనులో ఆ పేజీ చూడని రైతు మా వైపు లేడు. పేరు, ఊరు రాయకుండా ప్రశ్నలు పంపుకునే వీలు కూడా కల్పించండి. మొదటి విడత ప్రశ్నలు కావాలంటే మా కౌంటర్ దగ్గర నేనే పోగుచేసి పంపుతాను.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
కొత్తపేట, గుంటూరు.